తాడుకు ఇటు చివర

"కుడివైపు రాయి," అన్నాడు బావోకున్.

రాయి ఉందో లేదో అతనికి తెలియదు. గోబీలో రాళ్ళకేం కరువు, చెప్పినచోట కాకపోయినా ఆ పక్కన ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది, అలా చూస్తే అది పూర్తి అబద్ధం కూడా కాదు, అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. తాడుకు అటు చివర దెశాన్ కుడికాలు కాస్త ఎత్తివేసి, ఆ లేని రాయిని దాటి, మళ్ళీ తన పరుగులో పడ్డాడు. పరుగంటే పరుగు కాదు, నాలుగోరోజు మధ్యాహ్నానికి ఎవరిదీ పరుగు కాదు, కాళ్ళు ఈడ్చుకుంటూ వేసే నడక, అయినా దెశాన్ దాన్ని పరుగనే అంటాడు, ఎవరైనా కాదంటే పోట్లాటకి దిగుతాడు. దెశాన్‌కి చూపు లేదు. బావోకున్ అతనికి తోడు పరిగెత్తేవాడు, ఇద్దరి మణికట్లకీ మధ్య మూరెడు తాడు, ఆ తాడు బిగిస్తే దెశాన్ అనుమానపడుతున్నట్టు, వదులుగా ఊగితే నమ్ముతున్నట్టు. ఇప్పుడది వదులుగానే ఊగుతోంది, నిశ్చింతగా ఊగుతోంది, బావోకున్ గుండెని పిండేస్తున్నది ఆ నిశ్చింతే, ఎందుకంటే ఎండ నడినెత్తి దాటినప్పటినుంచీ అతని కళ్ళలో ఎవరో పాలు పోస్తున్నట్టుంది, ముందు అంచుల్లో, తర్వాత మధ్యలో, ఇప్పుడు తన బూట్లు కూడా తనకి కనపడటం లేదు.

మొదట ఆకాశమే తెల్లబడిందనుకున్నాడు, గాలి లేచింది కదా, దుమ్ము కమ్మిందేమో అనుకున్నాడు, కళ్ళు నులుముకున్నాడు, దెశాన్‌కి తెలియకుండా తన వంతు నీళ్ళలోంచి ఒక పుక్కెడు కళ్ళలో పోసుకున్నాడు, అవి చెంపల మీద ఆరేలోపే మళ్ళీ అదే తెలుపు. ఇలా అవుతుందని ఈ ఎడారి పరుగుపందెం డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది, గాలికీ ఎండకీ నిద్రలేమికీ కంటి పైపొర ఉబ్బిపోతుంది, ఆగి కళ్ళు మూసుకుని పడుకుంటే తెల్లారేసరికి దానంతటదే తగ్గుతుంది, ఆగకపోతే నా పూచీ లేదు అని. వినడానికి చెవులున్నాయి, ఆగే కాళ్ళెక్కడివి. పొద్దున గుడారాల దగ్గర దెశాన్ గాగుల్స్ పట్టీ పుటుక్కున తెగింది, బావోకున్ తనవి తీసి అతని తలకి తగిలించాడు, "చూపులేని కళ్ళకి అద్దాలెందుకురా, నువ్వు పెట్టుకో," అని దెశాన్ నవ్వాడు, "దుమ్ము పడితే నొప్పి పుట్టదా ఏంటి, నా దగ్గర ఇంకో జత ఉందిలే అన్నా," అన్నాడు బావోకున్. ఇంకో జత లేదు. తోడు పరిగెత్తేవాళ్ళందరూ చేసే పనే అది, మొదటి గుక్క నీళ్ళు అతనికి, మెత్తని నేల అతనికి, గాలి తగిలే వైపు మనం, అలవాటైపోతుంది, తల్లి పళ్ళెంలో చివరికి మిగిలింది తిన్నట్టు చేసేస్తాం, ఈ ఒక్క వస్తువు మాత్రం నాకే కావాలి, దీని మీద ఇద్దరి ప్రాణాలూ ఉన్నాయి అన్న సంగతి ఎవరికి తడుతుంది, తనకి తట్టలేదు. చూపున్నవాడి అద్దాలు చూపులేనివాడికి పెట్టి, మంచిపని చేశానని పొద్దునంతా లోపల మురిసిపోయాడు కూడా.

"ఏం కనపడుతోందిరా?" అన్నాడు దెశాన్.

"ఎడమవైపు మట్టిగోడ అన్నా. అక్కడక్కడా కూలింది. దాని నీడలో ఒంటెముళ్ళ పొదలు."

"మేకలున్నాయా?"

"లేవు."

"ఉండాలే ఈ నెలలో. సరేలే, ఎవడు కాస్తున్నాడు ఇప్పుడు, అందరూ నీలాగా గాలిమరలెక్కి కూర్చున్నారు."

మేకలు లేవని ఎంత ధీమాగా అన్నాడు తను. పక్కనే మంద వెళ్తున్నా కనపడేది కాదు. ఆ గొంతు అతనికి గాలిమరలు బాగుచేసే పనిలో అబ్బింది, గాలిమర స్తంభం పైన తాడు పట్టుకున్నవాడు పట్టుకున్నా అంటే పట్టుకున్నట్టే ఉండాలి, కింద వేలాడేవాడు ఆ మాట మీదే చెయ్యి వదులుతాడు. ఆ గొంతునే దెశాన్ ఏరుకున్నాడు. సాధన మొదలుపెట్టిన కొత్తలో, బడి మైదానంలో, ముందు గట్టు ఉందనుకుంటా అన్నా అని నసిగితే దెశాన్ అడుగు తడబడి బోర్లా పడ్డాడు, లేచి మోచెయ్యి దులుపుకుంటూ, "అనుకుంటా అనే మాట నా దగ్గర వాడకురా, నీ గొంతు వణికితే నా మోకాళ్ళు వణుకుతాయి," అన్నాడు. అప్పటినుంచీ బావోకున్ గొంతు వణకలేదు. ఇవాళ మధ్యాహ్నం నుంచీ కూడా వణకలేదు, అసలు ఇంత నిబ్బరంగా ఎప్పుడూ లేదు, తన గొంతు తనకే వేరేవాడిదిలా వినపడుతోంది, ఎంత బాగా చెప్తున్నాడో వీడు అనిపిస్తోంది.

గాలి ఎడమ చెంపకి కొడుతోంది, అంటే ఇంకా పడమరకే పోతున్నాం, ఎండ ముక్కుకి ఎదురుగా వెచ్చగా ఉంది, అదీ పడమరే, పడమర సరైనదే, కానీ పడమర అంటే ఎంత పడమర, అటు చివర ఎడారి ఎక్కడ అయిపోతుందో ఎవరికి తెలుసు. దారి చూపే నారింజ జెండాల్లో చివరిది ఎండిపోయిన ఏటి దగ్గర చూశాడు, చూశాడో చూశాననుకున్నాడో, ఆ తర్వాత జెండా లేదు. వెనక అందరికంటే చివర వచ్చే జీపు జెండాల వెంటే పోతుంది, జెండాలు వదిలేసినవాళ్ళ వెంట రాదు. ఫోన్ ఇక్కడ పలకదు. పొద్దు గుంకేలోపు మజిలీ చేరకపోతే పేరు కొట్టేస్తారు. చేరితే రేపు ఇంకొక్క చిన్న పరుగే, సువోయాంగ్ పాతకోట గోడ దాకా, అక్కడ దెశాన్ భార్య సైలియన్ పులిసిన కూరనీళ్ళ నూడుల్స్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటుంది, బస్సెక్కి ఈపాటికే బయల్దేరి ఉంటుంది.

సైలియన్ మాట ఎందుకొచ్చింది మనసులోకి. వాళ్ళ దుకాణం వెనకగదిలో, ఒళ్ళుపట్టే బల్లల మధ్య, తువ్వాళ్ళు మడతపెడుతూ అంది ఆమె, "మీ అన్న నా మాట సగమే నమ్ముతాడు, నీ మాట మొత్తం నమ్ముతాడు, ఏం మందు పెట్టావో ఏంటో," అని. నవ్వుతూనే అంది కానీ కళ్ళు నవ్వలేదు. స్తంభం మెట్ల మీద నడుం పట్టేసి మొదటిసారి ఆ దుకాణానికి వెళ్ళినప్పుడు దెశాన్ బొటనవేళ్ళు అతని వెన్ను మీద అలా పోతూ పోతూ ఒకచోట ఆగిపోయాయి, "ఇక్కడ కోపం పెట్టుకున్నావు, ఎవరి మీదరా?" అని అడిగాడు, ఎవరి మీదా లేదన్నాడు బావోకున్, "అయితే నీ మీదే," అన్నాడు దెశాన్, ఆ మాటకి బల్లమీద బోర్లా పడుకుని, ముఖం ఆనించే కన్నంలో తల పెట్టుకున్నవాడికి ఎందుకో ఏడుపొచ్చింది, ముక్కు కారి నేలమీద పడింది. అలా అన్నాతమ్ముళ్ళయ్యారు.

దెశాన్ పాతకాలంలో సరిహద్దు కాపలాకి కట్టిన ఈ మట్టిగోడ పక్కన పుట్టినవాడే. మేకలు కాసేవాడు. మీసాలు మొలిచే వయసులో కంటి నరాలు ఎండిపోవడం మొదలై, ఒక చలికాలం అంతా అయ్యేసరికి దీపం ఆరినట్టు అయిపోయింది. ఆరేముందు ఆఖరుసారి కళ్ళారా చూసింది కాపలా బురుజుని, పాతకాలం సైనికులు పొగ పెట్టి కబురంపేవాళ్ళే, ఆ బురుజు. ఏ ఉపద్రవం లేని రోజున కూడా పొద్దువాలేసరికి ఒక మంట వేసేవాళ్ళట, ఇక్కడ అంతా క్షేమం అని, అది చూసి పక్క బురుజువాడు తనదీ వెలిగించేవాడట, అలా రాజధాని దాకా క్షేమం, క్షేమం, క్షేమం. దెశాన్ ఎన్నిసార్లు చెప్పాడో ఆ కథ. నిన్న గుడారంలో కాళ్ళ బొబ్బలకి పిన్నీసు గుచ్చుకుంటూ మళ్ళీ చెప్పాడు, ఈసారి బావోకున్ లోపల ఒక పాడు ఆలోచన పుట్టింది, ఒక బురుజులో కాపలావాడు గుడ్డివాడైతే, అయినా రోజూ మంట వేస్తుంటే. అప్పటికింకా చూపు బాగానే ఉంది తనకి. పందెంలో పేరిచ్చిందే ఆ బురుజు కోసం, పరుగు మాటెలా ఉన్నా ఇవాళ్టి దారి దాని పక్కనుంచి పోతుంది, ఒక్కసారి చెయ్యి ఆనించాలి, అదొక్కటే దెశాన్ అడిగింది, నాలుగురోజుల నొప్పికీ అదొక్కటే కూలి.

"బురుజు ఇంకా రాలేదేంట్రా. ఏరు దాటి చాలాసేపయిందిగా."

"వస్తోంది అన్నా. కనపడుతోంది."

అన్నాక నిజంగానే ఏదో కనపడింది. పాలలో ఒక నల్లటి మరక, నిలువుగా, మనిషి కంటే ఎత్తు, ఇంకా ఎత్తు. అదే, అదే అయివుంటుంది, ఇంకేముంటుంది ఈ మైదానంలో అంత ఎత్తున, అనుకున్నాడు బావోకున్, కాళ్ళలో కొత్త బలం వచ్చింది, దారి తప్పలేదు, దారిలోనే ఉన్నాం. చూపు పోతేనేం, దిక్కు పోలేదు, దేవతలు ఎవరో ఉన్నారు. "వచ్చేసింది అన్నా, పది అడుగులు, ఐదు, చెయ్యి చాపు." దెశాన్ రెండు చేతులూ చాపాడు. అరచేతులు మట్టికి ఆనాయి. అలాగే నిలబడ్డాడు, గాలికి అతని చొక్కా పటపట కొట్టుకుంటోంది, అరచేతులు మెల్లగా పైకి పోయాయి, పక్కకి పోయాయి, వేళ్ళు ఏదో వెతుకుతున్నట్టు మట్టిని తడిమాయి, బావోకున్ వెన్నుని తడిమినట్టే. బావోకున్ కూడా చెయ్యి పెట్టాడు. నున్నగా ఉంది. గాలి కోసి కోసి నున్నగా చేసిన మట్టిదిబ్బ. బురుజు అయితే మట్టిపొరకీ మట్టిపొరకీ మధ్య రెల్లూ ఎర్రపుల్లలూ పేర్చి దంచి ఉంటారు, ఇన్ని వందల ఏళ్ళకి మట్టి కరిగి ఆ పుల్లల కొసలు బయటికొచ్చి ఉంటాయి, బడిపిల్లలకి కూడా తెలుసది. ఇక్కడ ఒక్క పుల్ల లేదు. ఇటువైపు లేకపోతే అటువైపు ఉంటుందేమోనని తాడు పొడుగు మేరా తడిమాడు. లేదు.

చెప్పాలి. ఇప్పుడే, ఈ క్షణమే చెప్పాలి. నోరు తెరిచాడు. దెశాన్ నుదురు మట్టికి ఆనించి ఉన్నాడు, అది మాత్రం మరకలాగా తెలుస్తోంది, ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. నోరు మూసుకున్నాడు.

"ఎలా ఉందన్నా?" అన్నాడు, అదే గొంతుతో.

నుదురు మట్టిమీంచి తీసి, "వెచ్చగా ఉంది," అన్నాడు దెశాన్. "పద."

మళ్ళీ నడక. మళ్ళీ గాలి ఎడమచెంపకి. ఈ గొంతు ఇవాళ్టిది కాదు, ఇది అప్పటిది, లాన్‌జౌ ఆసుపత్రి వరండాలోది. డాక్టరు తలుపు బయటికి పిలిచి చెప్పింది, నాన్న కడుపులో పుట్టకురుపు, క్యాన్సర్, ముదిరిపోయింది, రోగికి చెప్పకండి, కుంగిపోతాడు. అందరిళ్ళలో జరిగేదే, ఎవరింట్లో మాత్రం చెప్తారు, చెప్తే కొడుకులు కారు, కసాయివాళ్ళంటారు. వరండాలోనే అక్కా బావా చిన్నాన్నా అందరూ కూడబలుక్కున్నారు, పుండు అని చెబుదాం, ఎవరు చెప్తారు, బావోకున్ చెప్తాడు, వాడి గొంతు నిలకడగా ఉంటుంది. వెళ్ళి చెప్పాడు. "పుండేనా?" అన్నాడు నాన్న. "పుండే నాన్నా, మందులతో మానిపోతుంది." నాన్న అతని ముఖంలోకి చూశాడు, ఎంతసేపు చూశాడో, ఆ చూపులో ఏముందో ఇన్నేళ్ళయినా బావోకున్‌కి అంతుపట్టలేదు. ఖర్బూజాలు పండేవేళ, ఒకసారి పొలం చూపించరా, ఊరికే గట్టుమీద కూర్చోబెట్టు చాలు, అన్నాడు. వచ్చేనెల తగ్గాక వెళదాం నాన్నా, ఈ ఎండలో ఎందుకు. "సరే, నువ్వు చెప్పావుగా," అన్నాడు నాన్న. వచ్చేనెల లేదు. పొలానికి తీసుకెళ్ళలేదు. పోయేరోజు దాకా మానిపోతుంది అనే చెప్పాడు, చెయ్యి పట్టుకుని, గొంతు వణక్కుండా. మంచికొడుకు అన్నారు ఊళ్ళో అందరూ. వెన్నులో ఆ ముడి దెశాన్ వేళ్ళకి ఊరికే దొరకలేదు.

తాడు వదులుగానే ఊగుతోంది. భుజం పట్టీకి పెట్టె ఉంది, చిన్నది, మధ్యలో గుండ్రటి బొత్తాం, నొక్కితే కబురు వెళ్తుంది, జీపు వస్తుంది, పందెం అక్కడితో సరి, ఇద్దరికీ సరి, ఒకే తాడుకి ఇద్దరు కట్టుకున్నాక ఒకడు మానేస్తే రెండోవాడూ మానేసినట్టే. నొక్కితే దెశాన్ పందెం పోతుంది. నొక్కకపోతే దెశానే పోతాడేమో, పొద్దు వాలాక ఇక్కడ చలి ఎముకలు కొరుకుతుంది, ఒంటిమీద తడిసిన పలచటి చొక్కాలు. నొక్కు. ఇంకొంచెం చూద్దాం, ఏ జెండా అయినా చేతికి తగలొచ్చు. చేతికి ఎలా తగులుతుంది, పిచ్చివాడా. మజిలీలో వంటవాళ్ళ పొగ వాసన రావచ్చు, గాలి అటునుంచి కాదు. నొక్కితే కారణం చెప్పాలి, కళ్ళు కనపడటం లేదని చెప్పాలి, ఎప్పట్నుంచి అంటాడు, అప్పుడు మట్టిదిబ్బ సంగతి చెప్పాలి, ఆ నుదురు ఆనించినదానికి ఏం చెప్పాలి. దెశాన్ పందెం ఓడిపోతే తట్టుకుంటాడు, ఆ మనిషి ఓడిపోవడాలు చాలా చూశాడు, దీన్ని ఎలా తట్టుకుంటాడు. తనేం చేయలేడు. నిజం చెప్పలేడు, దారి చూడలేడు, ఆగలేడు, చేతనైంది ఒకటే, అడుగు వెయ్యి అనడం.

"నేల గట్టిగానే ఉందన్నా, నడువు," అన్నాడు.

దెశాన్ నడిచాడు. తర్వాతి అడుగుకి నేల లేదు.

తాడు మణికట్టుని కోస్తూ లాగింది, బావోకున్ కూడా వెనకే పోయాడు, మోకాలు, భుజం, నోట్లో మన్ను, రాళ్ళు గలగల జారిన చప్పుడు, ఆ తర్వాత గాలి చప్పుడు కూడా లేదు. ఏదో పాత కాలవ గుంట. లోతు కాదు, బతికే ఉన్నాం, ఉన్నామా. "అన్నా! అన్నా!" అని చేతులతో తడుముకున్నాడు, ముందు బూటు దొరికింది, తర్వాత మోకాలు, తడిగా జిగురుగా, నెత్తురు.

"అరవకు, నీ చెవి పక్కనే ఉన్నా," అన్నాడు దెశాన్. ఒక్క క్షణం ఆగి, "మోకాలు చీరుకుంది. విరగలేదు, నాకు తెలుస్తుందిగా. నీకు?"

బావోకున్ గొంతు పోయింది. ఇన్నాళ్ళ గొంతు, ఎక్కడికి పోయిందో పోయింది, లోపలినుంచి చిన్నపిల్లాడి గొంతు బయటికొచ్చింది.

"నాకు కళ్ళు కనపడటం లేదన్నా."

దెశాన్ చెయ్యి వచ్చింది, వెతుక్కుంటూ వచ్చింది, గడ్డం మీద, చెంపమీద, ఉబ్బిపోయిన రెప్పల మీద ఆగింది.

"ఇంకో జత ఉందన్నావు."

"లేదు. మధ్యాహ్నం నుంచి ఇంతే. గోడ చూడలేదు, మేకలు ఉన్నాయో లేవో తెలీదు, రాయి లేదు, ఏదీ లేదు. ఆ బురుజు..."

"మట్టిదిబ్బ."

బావోకున్ దెశాన్ గొంతు వైపు తల తిప్పాడు.

"ఒరే, చిన్నప్పుడు ఆ బురుజు పుల్లలు పీకి పళ్ళు కుట్టుకునేవాణ్ణి నేను. నా వేళ్ళకి తెలియకుండా ఉంటుందా. చెయ్యి పెట్టగానే తెలిసింది. నీకేదో అయిందనీ తెలిసింది, నీ చెయ్యి కూడా తడుముతోందిగా పక్కన, ఆ చప్పుడు వినపడింది."

"మరి ఎందుకు అనలేదు?"

గుంట పైన గాలి ఈలవేస్తూ పోతోంది. దెశాన్ మోకాలు చేత్తో నొక్కి పట్టుకున్నాడు. అతను మాట్లాడినప్పుడు అతని గొంతులో కూడా ఏదో తగ్గింది.

"అన్నానంటే నువ్వు ఆగిపోతావు. ఇక్కడిదాకా వచ్చాక ఆగడం నాకు ఇష్టంలేకపోయింది. బురుజు పోతేపోయింది, కోటైనా చేరదామనుకున్నా. నీ గొంతు అంత గట్టిగా ఉంది, పోనీ నిజమే అనుకుందాం అనుకున్నా. నేనూ తక్కువవాణ్ణేం కాదు."

నాన్నకి తెలుసు, అనుకున్నాడు బావోకున్. అనుకోలేదు, అది వచ్చి మీద పడింది. నాన్నకి మొదటిరోజే తెలుసు, పుండేనా అని అడిగినప్పుడే తెలుసు, వీళ్ళందరూ ఇంత కష్టపడి చెప్తున్నారు కదా, నేను నమ్మకపోతే వీళ్ళేమైపోతారని నమ్మాడు, పొలం చూడకుండా పోయాడు, నువ్వు చెప్పావుగా అన్నాడు. గుంటలో కూర్చుని బావోకున్ వెక్కి వెక్కి ఏడ్చాడు, కన్నీళ్ళు ఆ ఉబ్బిన కళ్ళని ఉప్పుపెట్టి తోమినట్టు మండించాయి, అయినా ఆగలేదు. ఎండ వెచ్చదనం ముఖం మీదనుంచి నుదుటికి పాకింది, నుదుటినుంచి గుంట అంచుకి పోయింది, చలి కాళ్ళకింద మొదలైంది.

"నొక్కరా," అన్నాడు దెశాన్.

"పందెం పోతుందన్నా."

"పోయింది. నొక్కు."

బావోకున్ పట్టీ తడిమి పెట్టెని చేతిలోకి తీసుకున్నాడు. బొత్తాం దొరికింది. గట్టిగా, వేలు నొప్పెట్టేదాకా నొక్కి పట్టుకున్నాడు. కబురు వెళ్తే దీపం పచ్చగా వెలుగుతుందని, వెళ్ళకపోతే ఎర్రగానే ఉంటుందని, ఆకాశం బాగా కనపడేచోట నొక్కాలని మొదటిరోజు చూపించారు. పెట్టెని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. తెలుపు. పక్కకి తిప్పాడు, అరచేతిని గొడుగులా పట్టాడు. తెలుపే.

"వెలిగిందా?" అన్నాడు దెశాన్.

వెలిగింది అన్నా, వచ్చేస్తారు, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, పాత గొంతుతో సహా వచ్చింది. ఆ మాటంటే దెశాన్ భుజాల బిగువు సడలుతుంది, ఇద్దరూ దగ్గరగా జరిగి కూర్చుని ఎదురుచూడొచ్చు.

"తెలీదన్నా," అన్నాడు. "నాకు కనపడటం లేదు."

దెశాన్ తాడు పట్టుకుని లేచి, రెండోచేత్తో గుంట అంచు ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"సరే. పైకెక్కి ఇంకోసారి నొక్కుదాం," అన్నాడు.